ముప్పై తొమ్మిది పట్టాలు: ఎడ్ టెంపుల్ శిక్షణ జీవితం

(స్మారకోపన్యాస పాఠం)



మన కాలేజీల్లో కవుల పేరు మీద స్మారకోపన్యాసాలు ఉంటాయి. శాస్త్రవేత్తల పేరు మీద, దాతల పేరు మీద ఉంటాయి. గ్రౌండ్‌లో విజిల్ ఊదిన మనిషి పేరు మీద ఉండటం చాలా అరుదు. అందుకే మీరు పిలవగానే వస్తానన్నాను. మీ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సారు గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. ఆయన దగ్గర పరుగెత్తినవాళ్లు ఈ హాల్లోనే ముందు వరసల్లో కూర్చుని ఉన్నారు. ఆయన గురించి మీకు నేను చెప్పబోవడం భావ్యం కాదు. ఆయన వృత్తిలోనే, మరో దేశంలో, మనకంటే ఎక్కువ ఇబ్బందుల మధ్య బతికిన ఒక కోచ్ జీవితాన్ని మీ ముందు పెడతాను. ఆ కోచ్ పేరు ఎడ్ టెంపుల్.

విల్మా రుడాల్ఫ్ పేరు మీలో చాలామంది విని ఉంటారు. చిన్నప్పుడు పోలియో వచ్చి, కాలికి ఇనుప పట్టీలు కట్టుకుని నడిచి, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు గెలిచిన అమ్మాయి. మన వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో ఆమె కథ తరచూ కనిపిస్తుంది. ఆ కథలో ఆమె పట్టుదల ఉంటుంది, తల్లి ప్రేమ ఉంటుంది. ఆమెను పరుగు పెట్టించిన కోచ్ మాత్రం సాధారణంగా ఒక వాక్యంలో వచ్చిపోతాడు. నిజానికి ఆ కోచ్ చేతి కింద తయారైన ఒలింపియన్లలో విల్మా ఒకరు మాత్రమే. అలాంటివాళ్లు మొత్తం నలభై మంది. వాళ్లు తెచ్చిన ఒలింపిక్ పతకాలు 23. అందులో 13 బంగారం, 6 వెండి, 4 కంచు. ఈ అమ్మాయిలంతా అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, నాష్‌విల్ నగరంలో, నల్లజాతి విద్యార్థుల కోసం 1912లో మొదలైన ఒకే ఒక్క ప్రభుత్వ కాలేజీలో చదువుకున్నవాళ్లు. అప్పట్లో దాన్ని టెనెసీ ఎ అండ్ ఐ అనేవారు. 1968 నుంచి టెనెసీ స్టేట్ యూనివర్సిటీ అంటున్నారు. అక్కడి అమ్మాయిల జట్టు పేరు టైగర్‌బెల్స్.

టెంపుల్ 1927 సెప్టెంబర్ 20న పెన్సిల్వేనియాలోని హారిస్‌బర్గ్‌లో పుట్టాడు. స్కూల్లో మంచి ఆటగాడు. పరుగెత్తడానికే నాష్‌విల్ కాలేజీలో చేరాడు. 1950లో డిగ్రీ చేతికొచ్చాక అక్కడే పై చదువు చదవాలనుకుంటున్న ఆ కుర్రాడికి కాలేజీ ప్రెసిడెంట్ వాల్టర్ డేవిస్ ఒక పని ఇచ్చాడు. క్యాంపస్ పోస్టాఫీసు చూసుకోవాలి, దాంతోపాటు అమ్మాయిల ట్రాక్ జట్టుకు శిక్షణ ఇవ్వాలి. రెండింటికీ కలిపి నెలకు 150 డాలర్లు. తరువాత ఆయన సోషియాలజీ అధ్యాపకుడయ్యాడు. అప్పటినుంచి తీసుకున్న జీతం ప్రధానంగా పాఠాలు చెప్పినందుకే. పొద్దున తరగతి గది, సాయంత్రం గ్రౌండ్. ఆ పనిలో ఆయన 44 ఏళ్లున్నాడు.

ఆ గ్రౌండ్ ఎలాంటిదో చెప్పాలి. తారు లేదు, సింథటిక్ అన్న మాటే అప్పటికి పుట్టలేదు. చదును చేయని మట్టి బాట. లేన్ల గీతలు కూడా ఉండేవి కావు. ఆ గీతలు టెంపుల్ తన జేబులో డబ్బు పెట్టి గీయించాడు. ఇక్కడున్న పీడీలకు ఆ పని ఎంతటిదో తెలుసు. వంపుల దగ్గర లేన్ వెడల్పు ఎక్కడా తగ్గకుండా చూసుకోవాలి, ఒక్కో లేన్ మొదలు ఎంత ముందుకు జరపాలన్న స్టాగర్ లెక్క కట్టాలి, టేపు పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. వాన పడితే మళ్లీ మొదటికి. మీట్ రోజు పొద్దున్నే చేతులకు సున్నం అంటుకుని కనిపించే మనిషిని మీరు చూసే ఉంటారు. టెంపుల్ గీయించిన ఆ గీతల మధ్యే ఆ అమ్మాయిలు ప్రపంచ రికార్డులకు సాధన చేశారు.

మీట్లకు వెళ్లడం ఇంకో కథ. బడ్జెట్ నామమాత్రం. మొదట్లో ఏడాదికి ఒక్క మీట్‌కే, అలబామాలోని టస్కీగీ రిలేస్‌కే వెళ్లగలిగేవారు. ఆయన తన సొంత కారులో పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లిన రోజులున్నాయి. దక్షిణాది రాష్ట్రాల్లో వర్ణవివక్ష చట్టబద్ధంగా అమల్లో ఉన్న కాలం అది. దారిలో హోటల్లో నల్లవాళ్లకు భోజనం పెట్టరు, గది ఇవ్వరు. పెట్రోలు కొన్న బంకులో కూడా మరుగుదొడ్డి తలుపు వాళ్లకు తెరవరు. అందుకని బయలుదేరే ముందే తిండి మూటగట్టుకునేవారు. అవసరానికి రోడ్డు పక్కన పొలాల్లోకి వెళ్లేవారు. గంటల తరబడి అలా ప్రయాణం చేసి, కాళ్లు పట్టేసి, మర్నాడు వంద మీటర్ల బ్లాకుల్లో కూర్చునేవారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మనం ఇలాంటి కథలు విన్నప్పుడు పేదరికాన్ని పొగడటం మొదలుపెడతాం. ఏమీ లేకపోయినా సాధించారు కాబట్టి ఏమీ ఇవ్వనక్కర్లేదన్న ఆలోచన అధికారుల మనసుల్లోకి ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో మీకు తెలుసు. టెంపుల్ జీవితం ఆ వాదనకు పనికిరాదు. ఆ మట్టి ట్రాక్ వల్ల ఎవరూ గొప్పవాళ్లు కాలేదు. ఆ కొరతల మధ్య ఆయన ఓపికగా ఒక పద్ధతి కట్టాడు. నేర్చుకోవాల్సింది ఆ పద్ధతిని.

ఆ పద్ధతికి పునాది వేసవి శిబిరం. హైస్కూల్లో చదివే అమ్మాయిల్ని వేసవిలో కాలేజీకి పిలిపించేవాడు. హాస్టల్లోనే ఉండాలి. తెల్లవారుజామున మొదలుపెట్టి రోజుకు మూడు పూటలు సాధన. రాత్రి లైట్లు ఎప్పుడు ఆర్పాలి, ఎవరి కారెక్కకూడదు అన్నది కూడా ఆయన చూసుకునేవాడు. ఆ శిబిరానికి వచ్చిన పిల్లల్లో చాలామంది చిన్న ఊళ్ల వాళ్లే. చాలామందికి అదే మొదటిసారి ఇల్లు వదలడం. వాళ్లలో కొందరు రెండు మూడేళ్ల తరువాత కాలేజీలో చేరే సమయానికి సాధన అంటే ఏమిటో, పట్టణంలో బతకడం అంటే ఏమిటో తెలిసినవాళ్లుగా వచ్చేవారు. డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరిన పిల్లకు అప్పుడు పరుగు నేర్పడం మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టేనని ఆయనకు తెలుసు. మన కాలేజీల్లో అనేకచోట్ల జరుగుతున్నది ఆ ఆలస్యమే.

విల్మాను ఆయన మొదట చూసింది ట్రాక్ మీద కాదు, బాస్కెట్‌బాల్ కోర్టులో. ఆటలకు రిఫరీగా కూడా వెళ్లేవాడాయన. క్లార్క్స్‌విల్ ఊరి నల్లపిల్లల హైస్కూల్ ఆడిన మ్యాచ్‌లో సన్నగా, పొడుగ్గా, గాలిలా కదులుతున్న అమ్మాయి కంట పడింది. ఆ ఊరు నాష్‌విల్‌కు దగ్గరే. వేసవికి రమ్మన్నాడు. ఇరవై రెండు మంది పిల్లలున్న కుటుంబంలో ఇరవయ్యో బిడ్డ ఆమె. పదహారేళ్లకే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు ఎంపికైంది. అక్కడ రెండు వందల మీటర్లలో ముందే వెనుదిరిగినా, రిలేలో కంచు పతకం తెచ్చుకుంది. ఆ రిలే జట్టులో నలుగురూ టెంపుల్ పిల్లలే: మే ఫాగ్స్, మార్గరెట్ మాథ్యూస్, విల్మా, ఇసబెల్ డేనియల్స్.

ఈ మే ఫాగ్స్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. చిన్న మనిషి. టెంపుల్ దగ్గరికి రాకముందే 1948 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తింది. 1952 హెల్సింకిలో రిలే బంగారం గెలిచింది. అంటే కోచ్‌కంటే ఎక్కువ ఒలింపిక్ అనుభవం ఉన్న శిష్యురాలు. అహం ఉన్న కోచ్ ఆమెను చూసి ఇబ్బంది పడేవాడు. టెంపుల్ ఆమె చేతికి చిన్నపిల్లల్ని అప్పగించాడు. మెల్‌బోర్న్‌లో బెంబేలెత్తిపోయిన విల్మా పక్కన నిలబడింది ఫాగ్సే. తరువాత ఆ పాత్ర విల్మాకు వచ్చింది, విల్మా తరువాత ఇంకొకరికి. ముందు వచ్చినవాళ్లు వెనక వచ్చినవాళ్లకు నేర్పాలన్నది ఆ జట్టులో రాయని నియమం. కోచ్ ఒక్కడు. అసిస్టెంట్లు లేరు. సీనియర్లే అసిస్టెంట్లు.

నియమాల విషయంలో ఆయన గట్టివాడు. ప్రాక్టీసుకు ఎన్ని నిమిషాలు ఆలస్యమైతే అన్ని రౌండ్లు అదనంగా తిరగాలి. విల్మా ఒకసారి నిద్రపోయి అరగంట ఆలస్యంగా వచ్చింది. ముప్పై రౌండ్లు వేయించాడు. మర్నాడు ఆమె అరగంట ముందే వచ్చి ట్రాక్ మీద కూర్చుంది. ఈ కథ చెప్పి క్రమశిక్షణ గొప్పదనం అని వదిలేయడం తేలిక. దీని పక్కన ఇంకో సంగతి కూడా చెప్పకపోతే టెంపుల్ అర్థం కాడు.

హైస్కూల్ చివరి సంవత్సరంలో విల్మా గర్భవతి అయింది. 1958లో ఆడపిల్లను కన్నది. బిడ్డల తల్లుల్ని జట్టులోకి తీసుకోకూడదన్నది టెంపుల్ నియమం. ఆ కాలానికి అది వింతగా తోచని నియమం. ఆయన ఆ నియమాన్ని పక్కన పెట్టాడు. కాలేజీలో ఆమె చోటు ఆమెకే ఉందని చెప్పాడు. బిడ్డను ఇంట్లోవాళ్లు చూసుకున్నారు. విల్మా నాష్‌విల్‌లో చదువుకుంటూ పరుగెత్తింది. ఆ రోజు ఆయన నియమానికే కట్టుబడి ఉంటే రోమ్‌లో ఏం జరిగేదో ఊహించుకోండి. నా దృష్టిలో ఆయన జీవితంలో అతి పెద్ద నిర్ణయం ఇదే. ముప్పై రౌండ్లు వేయించిన మనిషే ఈ నిర్ణయం కూడా తీసుకున్నాడు. ఆలస్యంగా వచ్చినదానికి శిక్ష వేశాడు, జీవితంలో తడబడినదానికి వేయలేదు.

1960లో టెంపుల్ అమెరికా మహిళల ట్రాక్ జట్టుకు హెడ్ కోచ్‌గా రోమ్ వెళ్లాడు. ఆ జులైలోనే టెక్సాస్‌లోని కార్పస్ క్రిస్టీలో విల్మా రెండు వందల మీటర్లను 22.9 సెకన్లలో పరుగెత్తి, 23 సెకన్ల గీత దాటిన తొలి మహిళ అయింది. రోమ్‌లో వంద, రెండు వందలు గెలిచింది. నాకు మాత్రం ఆ రెండింటికంటే రిలే ముఖ్యమనిపిస్తుంది. 4×100 జట్టులో నలుగురూ ఒకే కాలేజీ వాళ్లు: మార్తా హడ్సన్, లుసిండా విలియమ్స్, బార్బరా జోన్స్, విల్మా. సెమీఫైనల్లో 44.4 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టారు. ఫైనల్లో చివరి బ్యాటన్ మార్పిడి దగ్గర ఇబ్బంది వచ్చింది. జోన్స్ చేతి నుంచి విల్మా చేతికి బ్యాటన్ సరిగ్గా అందలేదు. రిలేలో బ్యాటన్ అందుకునే అమ్మాయి వెనక్కి చూడదు. చెయ్యి వెనక్కి చాచి, అప్పటికే వేగం అందుకుంటూ ఉంటుంది. ఆ క్షణంలో వేళ్లకు బ్యాటన్ తగలకపోతే ఆగిపోవాలో, పరుగెత్తాలో తోచదు. విల్మా వేగం తగ్గించి, బ్యాటన్ పట్టుకుని, మళ్లీ అందుకుంది. ముందున్న జర్మన్ అమ్మాయి యుట్టా హైనెను దాటేసింది. 44.5 సెకన్లు, బంగారం. మిగతా దేశాలు సాధారణంగా వేర్వేరు చోట్ల నుంచి ఏరి తెచ్చిన నలుగురిని కలిపి రిలే పరుగెత్తించేవి. ఈ నలుగురూ ఒకే హాస్టల్లో పడుకుని, ఒకే ట్రాక్ మీద ఏళ్ల తరబడి బ్యాటన్ మార్చుకున్నవాళ్లు. ఒకరి అడుగు ఇంకొకరికి తెలుసు. తప్పు జరిగిన క్షణంలో బెదరకుండా నిలబెట్టింది ఆ అలవాటే.

నాలుగేళ్ల తరువాత టోక్యో. మళ్లీ ఆయనే హెడ్ కోచ్. జార్జియా రాష్ట్రంలో గ్రిఫిన్ అనే ఊరి నుంచి వచ్చిన వయోమియా టైయస్ అప్పటికి పందొమ్మిదేళ్ల అమ్మాయి. పాల డెయిరీలో పనిచేసిన తండ్రి ఆమెకు పదిహేనేళ్ల వయసులోనే పోయాడు. టోక్యోలో ఈడిత్ మెగ్వైర్ గెలుస్తుందని, టైయస్ వంతు 1968లో వస్తుందని టెంపుల్ అనుకున్నాడు. ఆ మాట టైయస్‌కూ చెప్పాడు. ఆమె 1964లోనే వంద మీటర్ల బంగారం గెలిచింది. మెగ్వైర్‌కు వెండి వచ్చింది. రెండు వందల మీటర్ల బంగారం మెగ్వైర్ తీసుకుంది. 1968 మెక్సికోలో టైయస్ మళ్లీ వంద గెలిచింది. ఆడవాళ్లలో గానీ, మగవాళ్లలో గానీ ఒలింపిక్ వంద మీటర్ల బంగారాన్ని నిలబెట్టుకున్న మొదటి మనిషి ఆమే. టెంపుల్ అంచనా తప్పింది. కానీ తప్పిన ఆ అంచనా వల్ల ఆ పిల్ల మీద బరువు పడలేదు. పైగా, తను తయారుచేసిన ఇద్దరు అమ్మాయిలు ఒకే ఫైనల్లో ఒకరి మీద ఒకరు పరుగెత్తుతుంటే ఎవరికీ అన్యాయం జరగకుండా చూసుకోవడం ఎంత కష్టమో కోచ్‌లకు తెలుసు.

ఆయన మీద నాకు అభ్యంతరాలు లేకపోలేదు. అమ్మాయిలు ఎప్పుడూ చక్కగా తయారై ఉండాలని, రేసు అయిపోగానే జుట్టు, ముఖం సరిచేసుకుని ఫొటోకు రావాలని పట్టుబట్టేవాడు. ఈ రోజు చూస్తే ఆ మాట నచ్చదు. ఒక అథ్లెట్‌కు అందంతో పనేమిటి? పరుగెత్తే ఆడపిల్ల మగరాయుడిలా అయిపోతుందని, పిల్లలు పుట్టరని, పైగా నల్లపిల్లల గురించి ఇంకా హీనంగా పత్రికలు రాసిన కాలంలో ఆయన ఎంచుకున్న కవచం అది. ఆ కవచం అమ్మాయిల మీద అదనపు బరువే. ఆయన కాలం అర్థమైనంత మాత్రాన ఆ నియమాన్ని మనం తలకెత్తుకోనక్కర్లేదు. మన ఊళ్లలోనూ షార్ట్స్ వేసుకుని పరుగెత్తినందుకు మాటలు పడే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు కావలసింది తయారవడం గురించి సలహా కాదు, మాటలనేవాళ్లకు ఎదురునిలిచే పెద్దవాళ్లు.

ఇక అసలు విషయానికి వస్తాను. టెంపుల్ తన జట్టు గురించి మాట్లాడినప్పుడు పతకాల లెక్కతో పాటు ఇంకో లెక్క చెప్పేవాడు. ఆ నలభై మంది ఒలింపియన్లలో ముప్పై తొమ్మిది మంది డిగ్రీ పూర్తిచేశారు. ఈ ఉపన్యాసానికి నేను పెట్టుకున్న పేరు ఆ అంకెదే. 1960ల చివరిదాకా అక్కడ ఆ అమ్మాయిలకు అథ్లెటిక్ స్కాలర్‌షిప్పులు లేవు. క్యాంపస్‌లోనే రోజుకు రెండు గంటలు పని చేసి ఫీజు కట్టుకునేవారు. పని, చదువు, మూడు పూటల పరుగు. చదువు తగ్గితే పరుగు ఆగిపోయేది. విల్మా 1962లో పోటీలు మానేసింది. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్లు. 1963లో పట్టా తీసుకుని సొంత ఊళ్లో టీచరుగా చేరింది. ఒలింపిక్ చాంపియన్లకు అప్పట్లో డబ్బు రాదు. పట్టా లేకపోతే ఆమె ఏమయ్యేదో చెప్పడం కష్టం కాదు. ఆ ఊరే 1960 అక్టోబర్‌లో ఆమెకు ఊరేగింపు చేసినప్పుడు, తెల్లవాళ్లు, నల్లవాళ్లు కలిసి ఉంటేనే వస్తానని పట్టుబట్టింది. క్లార్క్స్‌విల్ చరిత్రలో ఆ రెండు జాతులు కలిసి జరుపుకున్న తొలి వేడుక అదే. ఆ ధైర్యం నాష్‌విల్ ట్రాక్ మీద కూడా కొంత నేర్చుకున్నదేనని నేను నమ్ముతాను.

1972లో అమెరికాలో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థలు ఆడపిల్లల పట్ల వివక్ష చూపకూడదని అది శాసించింది. ఆ చట్టం కోసం ఎవరైనా సంతోషించాలి. అయితే దాని తరువాత పెద్ద, డబ్బున్న యూనివర్సిటీలు స్కాలర్‌షిప్పులు పట్టుకుని వచ్చి మెరికల్లాంటి అమ్మాయిల్ని తీసుకుపోయాయి. ఎవరూ పట్టించుకోని రోజుల్లో ఆ దారి వేసిన చిన్న కాలేజీకి పోటీ కష్టమైంది. అయినా టెంపుల్ ఆగలేదు. 1984 లాస్ ఏంజెలెస్‌లో ఆయన శిష్యురాలు చాండ్రా చీజ్‌బరో రెండు రిలే బంగారాలు, నాలుగు వందల మీటర్ల వెండి గెలిచింది. 1994లో ఆయన విరమణ తీసుకున్నాక ఆ జట్టు కోచ్ పదవి ఆమెకే వచ్చింది.

ఆయనకు గౌరవాలు ఆలస్యంగా అయినా వచ్చాయి. 2012లో అమెరికా ఒలింపిక్ హాల్ ఆఫ్ ఫేమ్, 2015లో నాష్‌విల్ బేస్‌బాల్ స్టేడియం బయట కంచు విగ్రహం. 2016 సెప్టెంబర్‌లో, ఎనభై తొమ్మిదేళ్ల వయసులో పోయాడు. విగ్రహం ఆయనది ఒక్కడిదే కావచ్చు, పని మాత్రం ఇద్దరిది. ఆయన భార్య చార్లీ బి. టెంపుల్ క్యాంపస్ పోస్టాఫీసులో పనిచేస్తూ ఆ అమ్మాయిలందరికీ అమ్మలా ఉంది. ఇల్లు వదిలి వచ్చిన పిల్లకు జ్వరం వస్తే, ఇంటి మీద బెంగ పుడితే వెళ్లే గడప ఆమెది. కోచ్‌ల భార్యల గురించి ఎవరూ రాయరు. ఇక్కడ కూర్చున్న మీ పీడీ సారు గారి శ్రీమతికి నేను ప్రత్యేకంగా నమస్కరిస్తున్నాను.

మన దగ్గరికి వద్దాం. పారిస్ పారాలింపిక్స్‌లో 2024లో నాలుగు వందల మీటర్ల కంచు గెలిచిన జీవాంజి దీప్తిది వరంగల్ జిల్లా కల్లెడ. ఆమె పరుగును మొదట గుర్తించింది ఆ ఊరి బడి వ్యాయామ ఉపాధ్యాయుడు. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీని హర్డిల్స్ వైపు చూసేలా చేసింది కూడా స్కూల్ వ్యాయామ ఉపాధ్యాయుడే. హెప్టాథ్లాన్‌లో ఆసియా క్రీడల కంచు తెచ్చిన అగసర నందిని తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న పిల్ల. అంటే గుర్తించే కళ్లు మన బడుల్లో ఉన్నాయి. ఆ బడికీ, పెద్ద శిక్షణ కేంద్రానికీ మధ్యలో ఒక మెట్టు ఉండాలి. ఆ మెట్టు డిగ్రీ కాలేజీ. అక్కడ పీడీకి ఎన్నికల డ్యూటీ, పరీక్షల ఇన్విజిలేషన్, ఊరేగింపుల బందోబస్తు వేసి, సాయంత్రం అయిదింటికి గేటు మూసేస్తే ఆ మెట్టు విరిగిపోతుంది.

అందుకే ఈ వేదిక మీద నుంచి ప్రిన్సిపాల్ గారికి, పూర్వ విద్యార్థులకు ఒక్క విన్నపం చేస్తున్నాను. వేసవి సెలవుల్లో ఈ కాలేజీ గ్రౌండ్ ఖాళీగా ఉంటుంది. గర్ల్స్ హాస్టల్ గదులు ఖాళీగా ఉంటాయి. చుట్టుపక్కల మండలాల హైస్కూళ్లలో ఎనిమిది, తొమ్మిది తరగతులు చదివే అమ్మాయిలకు ఒక నెల రోజుల పరుగుల శిబిరం పెట్టండి. భోజనం ఖర్చు పూర్వ విద్యార్థులు పంచుకోండి. ఇక్కడ చదివి ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న అమ్మాయిలు తలా వారం సెలవు పెట్టుకుని వచ్చి చిన్నవాళ్లతో ఉండండి. వచ్చిన ప్రతి పిల్ల చదువు మార్కులు కూడా పీడీ దగ్గర ఒక పుస్తకంలో రాసి ఉంచండి, ఆమె డిగ్రీ పూర్తయ్యేదాకా. ఈ ఉపన్యాసానికి ఏటా అయ్యే ఖర్చులో కొంత తగ్గించైనా సరే, ఆ శిబిరం ఈ వేసవిలోనే మొదలుపెట్టండి.